నీటి కట్టుబాటు నాట్లకు ముందే రావలెను

వానలు సరిగా కురియని యేట మన గ్రామములకు రెండు కాగితములు వచ్చుచుండును. మొదటిది కార్తీకమాసములో వచ్చు ఋణపత్రము. రెండవది ఫాల్గుణ చైత్రములలో, నూతులు అడుగంటిన పిమ్మట, వచ్చు ఉత్తరువు. మొదటి కాగితము పైరు పెట్టుమనును. రెండవది మోటారు నిలుపుమనును. ఈ రెంటికిని నడుమ నాలుగు నెలల కాలమును, రైతు పెట్టిన విత్తనమును, ఎరువును, కూలియు, అప్పును ఉన్నవి. ఒక కాగితము సంగతి రెండవ కాగితమునకు తెలియదు. తెలియకపోవుటవలన కలుగు నష్టము మాత్రము రైతు ఖాతాలోనే పడును.

కఱవుకాలమున నీటి వాడుకపై కట్టుబాటులు ఉండరాదని మేము వాదింపము. ముందు త్రాగునీరు, తరువాత పైరు. ఈ వరుసను కాదనెడి రైతు మన పల్లెలలో లేడు. మేము చెప్పదలచినది ఒక్కటే. కట్టుబాటు నాట్లకు ముందు రావలెను. నాట్లకు ముందు వచ్చినది నియమము. వరి పొట్టకు వచ్చిన తరువాత వచ్చినది దండనము. ఇల్లు కాలుచుండగా నుయ్యి త్రవ్వెడివానిని లోకము నవ్వును. నూతులు ఎండిన తరువాత నీటి ఉత్తరువు వ్రాయుట అంతకంటె మేలైన పని కాదు. అయితే, ఉత్తరువును ముందుగా తెచ్చుట అధికారుల చేతిలోకంటె మన చేతిలోనే ఎక్కువగా నున్నదని చూపుటకే ఈ వ్యాసము.

మొదట చట్టము సంగతి చూతము. త్రాగునీటి రక్షణకై భూగర్భజలములను క్రమపఱచుటకు 1996లో ఆంధ్రప్రదేశమున ఒక చట్టము పుట్టినది. దాని తరువాత 2002లో నీరు, భూమి, చెట్లు మూడింటిని గూర్చి మఱింత విపులమైన చట్టము వచ్చినది. జనులు దీనినే వాల్టా చట్టమందురు. దీని ననుసరించి నూతులను, బోరులను నమోదు చేయింపవలెను. ప్రజల త్రాగునీటి వనరునకు 250 మీటర్ల లోపల అనుమతి లేక క్రొత్త బోరు వేయరాదు. నీటిమట్టమునకు హాని కలుగునని తోచినచో ఒక ప్రాంతమున నీరు తోడుటను నిర్ణీతకాలము వఱకు నిషేధించు అధికారమును గలదు. ఆ నిషేధము వ్యక్తులకే గాక ప్రైవేటు సంస్థలకును వర్తించునని చట్టమే చెప్పుచున్నది. ఈ మాట పాఠకులు గుర్తుంచుకొందురు గాక. దీనితో తరువాత పనియున్నది.

ఇప్పుడు ఆ 250 మీటర్ల లెక్క వేసి చూడుడు. త్రాగునీటి నూతిని నడుమ నుంచి ఆ దూరమున వలయము గీచినచో లోపల పడు భూమి సుమారు 48 ఎకరములు. ఊరి భూమి వేయి యెకరములుండవచ్చును. కాని కఱవు వచ్చినప్పుడు బరువంతయు ఈ 48 ఎకరముల వారి నెత్తిపై పడును. వారు చేసిన నేరమేమి? తాతల నాడెప్పుడో ఊరివారు నుయ్యి త్రవ్వుకొన్న తావునకు చేరువగా వారికి పొలముండుటయే. నీరు త్రాగువారు ఊరందఱు. పైరు ఎండబెట్టుకొనువారు పదిమంది. ఈ పదిమంది రాత్రివేళ చాటుగా మోటారు వేసిరని ఊరు వారిని దొంగలనును. వారిని దొంగలుగా చేసినది ఆ యేర్పాటే యని ఎవరును తలపరు.

ఇచ్చట కొందఱు, "నా భూమిలోని నీరు నాది, అడ్డగించుటకు మీరెవరు?" అందురు. ఈ వాదమునకు ఆధారము లేకపోలేదు. 1882 నాటి సౌకర్యహక్కుల చట్టము భూస్వామికి తన నేల క్రింది నీటిపై హక్కునిచ్చినది. కాని అప్పుడు నీరు తోడునది ఏతము, కపిల. ఎద్దులు అలసిపోయిన చోట తోడకమును ఆగెడిది. నేడు నూఱుల అడుగుల లోతునుండి మోటారు రేయింబవళ్లు తోడగలదు. 2004 నుండి సేద్యపు మోటారులకు విద్యుత్తును ఉచితమైనది. కావున చేయి వెనుదీయుటకు ఖర్చు అను అడ్డును తొలగినది. పైన గట్లున్నవి గాని భూమి క్రింద గట్లు లేవు. నేను తోడినది నా నీరే యని యెవడును ఒట్టుపెట్టి చెప్పలేడు.

మన అచ్యుతాపుర ప్రాంతమునకు మఱియొక భయము కూడ ఉన్నది. మనము సముద్రతీరవాసులము. పూడిమడక ఒడ్డు మనకు దవ్వు కాదు. తీరభూములలో మంచినీరు ఉప్పునీటిపై తేలుచుండును. సముద్రమట్టమునకు పైనున్న మంచినీటి మట్టము ఒక అడుగు తగ్గినచో, క్రిందనున్న ఉప్పునీరు సుమారు 40 అడుగులు పైకి రాగలదని శాస్త్రజ్ఞులు లెక్క కట్టిరి. లోపలి మండలములలో బోరు ఎండినచో మఱుసటి యేటి వానకు తిరిగి ఊరును. తీరమున బోరు ఉప్పుబడినచో ఒక వానకు తీరదు. కొన్ని యేండ్లు పట్టవచ్చును. కావున కట్టుబాటు ఇతరులకు ఒక యేటి పంట మాట యైనచో, మనకు భూమి మాట.

ఇక అసలు లెక్కకు వత్తము. త్రాగునీటికై ఊరి మోటారులన్నియు కట్టివేయవలసినంత అవసరమున్నదా? గ్రామీణ నీటి పథకములలో మనిషికి దినమునకు 55 లీటర్లు అను కొలత నేడు వాడుకలో నున్నది. రెండువేల జనమున్న ఊరికి తొంబది దినముల వేసవి గడచుటకు 99 లక్షల లీటర్లు కావలెను. వినుటకు పెద్ద సంఖ్యయే. కాని వేసవి వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు పట్టుననుకొన్నచో, ఒక్క యెకరము వరి 48 లక్షల లీటర్లకు పైగా త్రాగును. అనగా, రెండువేల జనము మూడు నెలలు వాడుకొను నీరును, రెండెకరముల వరి త్రాగు నీరును ఇంచుమించు సమానము.

ఈ లెక్కను ఉన్నదున్నట్లు పట్టుకొనరాదని మాకును తెలియును. మడిలో పెట్టిన నీరు కొంత మరల నేలలోనికే ఇంకును. మనము ఆపిన నీరంతయు త్రాగునీటి నూతికే నడచి రాదు. కావున రెండెకరములు చాలవు. భద్రతకై పది యెకరములనుకొందము. అప్పుడును వేయి యెకరముల ఊరిలో అది నూఱింట ఒక పాలు. ఆ పదియెకరములను బీడు పెట్టనక్కఱయు లేదు. చోడి వేసినచో వరికి పట్టు నీటిలో మూడవవంతునకు కొంచెము హెచ్చుగా చాలును. పెసర, మినుములకు నాలుగవవంతు చాలును. చెఱకు సంగతి వేఱు. అది పండ్రెండు నెలలు నేలపై నుండు పైరు గనుక నడుమ నాపుటకు వీలులేదు. చెఱకు ఎంత నాటవలెనో నాటునప్పుడే తేల్చుకొనవలెను.

నష్టము మాట యేమి? వరి మాని చోడి వేసినందున ఎకరమునకు 25,000 రూపాయలు రాబడి తగ్గినదని ఊరక అనుకొందము. పది యెకరములకు రెండున్నర లక్షలు. రెండువేల జనమున్న ఊరిలో అయిదువందల గడపలుండునేని గడపకు 500 రూపాయలు. వేసవిలో ట్యాంకరు నీటికి ఇంటికి ఎంత ఖర్చగునో గృహిణుల నడిగినచో ఈ 500 రూపాయలు ఎక్కువో తక్కువో వారే చెప్పుదురు. పదిమందిని ముంచు బరువు అయిదువందల గడపలు పంచుకొన్నచో అది బరువుగా తోచదు. సహకారమను మాటకు ఇంతకంటె వేఱర్థము మాకు తెలియదు.

ఇది క్రొత్త ఊహ కాదు. చెఱువు నిండని యేట, తూమునకు దగ్గఱనున్న భూమిని మాత్రమే సాగుచేసి, దానిని ఆయకట్టుదారులందఱును తమ తమ భూముల దామాషాను పంచుకొను ఆచారము తెలుగునాట కొన్ని చోట్ల నుండెడిది. తూము చెంత పొలమున్నవాడు ఇది నాదేనని పట్టుపట్టెడివాడు కాడు. చివరి మడివాడు ఎండిపోయెడివాడును కాడు. ఆ పంపకము ఎప్పుడు జరిగెడిది? చెఱువులో నీరు చూచుకొని, నారు పోయకముందు. మన పెద్దలు భూగర్భశాస్త్రము చదువలేదు గాని, లోటును విత్తుటకు ముందే పంచుకొనవలెనని ఎఱిగియుండిరి.

చెఱువులో నీరు కంటికి కనబడును గనుక ఆ పంపకము సాధ్యమైనది. మన మండలమందలి కొండకర్ల ఆవలో నీరు తగ్గినచో త్రోవను పోవువానికిని తెలియును. భూమి క్రింది నీరు తగ్గుట అట్లు తెలియదు. తెలియని దానిని పంచుకొనుట యెట్లు? ఈ చిక్కును విప్పిన రైతులు మన రాష్ట్రములోనే ఉన్నారు. ఈ శతాబ్దపు మొదటి దశకమున, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, ఉమ్మడి ఆంధ్రప్రదేశమునందలి అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబ్‌నగరము, నల్లగొండ జిల్లాలలో రైతులే భూగర్భజలమును నిర్వహించుకొను పథకము నడచినది. ఆ పల్లెలలో రైతులు, వారిలో స్త్రీలును, తామే వానను కొలిచిరి. తామే నూతులలో నీటిమట్టము కొలిచిరి. కొలతలను గోడలపై వ్రాసి ఊరందఱికిని చూపిరి. రబీకి ముందు కూర్చుండి, ఉన్న నీరెంత, వేయదలచిన పైరులు కోరు నీరెంత అని జమాఖర్చు కట్టిరి. ఫలాని పైరు వేయవలదని వారికెవ్వరును ఉత్తరువు పంపలేదు. లెక్క కంటబడినంతనే పెక్కుచోట్ల వారే వరి తగ్గించి ఆరుతడి పైరులకు మరలిరి. అధికారి చెప్పిన మాటకంటె స్వయముగా కొలిచిన కొలత రైతును ఎక్కువగా ఒప్పించునని దీనివలన తేలుచున్నది.

ముందుచూపు లేనిచోట ఏమగునో మహారాష్ట్రమునందలి లాతూరు చూపినది. 2016 వేసవిలో అచ్చట నీటి తావులవద్ద జనులు గుమిగూడరాదని 144వ సెక్షను విధించిరి. తరువాత మిరజ్ నుండి రైలుబండిపై నీరు తేవలసివచ్చెను. చుట్టునున్న సీమలో చెఱకు విస్తారముగా పెరుగుచుండెను. నాటుటకు ముందు ఎవరును అడ్డుచెప్పలేదు. నీరు ఇంకిన తరువాత పోలీసును కొళాయివద్ద నిలిపిరి. పోలీసు జనులను వరుసలో నిలుపగలడు గాని నూతిలో నీరు ఊరింపలేడు.

దీనికి ఎదురుగా, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌను నగరమున 2018లో జరిగినది వినదగినది. ఆ యేడు ఫిబ్రవరి 1వ తేదీ నుండి నగరవాసికి దినమునకు 50 లీటర్లకు మించి వాడరాదని కట్టడి చేసిరి. అనగా, మన పల్లెలకు కట్టిన 55 లీటర్ల కొలతకంటెను తక్కువ. భాగ్యవంతులును ఆ లెక్కకు లోబడవలసినవారే. ఆ నెలలోనే, సమీపమున పండ్లతోటలు పెంచు రైతుల నీటి సంఘము తమ జలాశయములలో మిగిలియున్న నీటినుండి సుమారు 1,000 కోట్ల లీటర్లు నగరమునకు విడిచిపెట్టినది. ఆ రైతులకట్టి దాతృత్వము సాధ్యమగుటకు కారణమున్నది. తమ కెంత నీరున్నదో, తమ తోటలకెంత కావలెనో వారి సంఘమునకు లెక్క తెలియును. లెక్క గలవాడే ఈయగలడు. లెక్క లేనివానినుండి లాగుకొందురు.

ఇంతవఱకు రైతుల ధర్మము చెప్పితిమి. ఇక రైతుల ప్రశ్న యొకటి యున్నది. దానిని దాటవేయుట న్యాయము కాదు. "మా మోటారు నిలుపుమనువారు పరిశ్రమల గొట్టమును నిలుపుదురా?" అని మనవారు అడుగుచున్నారు. మన అచ్యుతాపురము, రాంబిల్లి మండలముల పొలములలో ప్రత్యేక ఆర్థిక మండలి వెలసినది. ఏలేరు జలాశయమునుండి 150 కిలోమీటర్లకు పైబడిన కాలువ విశాఖ ఉక్కు కర్మాగారమునకును, నగరమునకును, పరిశ్రమలకును నీరు తెచ్చుచున్నది. శారదానదిపై దేవరాపల్లి చెంతనున్న రైవాడ జలాశయపు నీరు సాగునకును నగరపు త్రాగునీటికిని పంచబడుచున్నది. అది యంతయు సాగునకే ఈయవలెనని ఆయకట్టు రైతులు చిరకాలముగా కోరుచున్నారు. ఇట్టి సీమలో కట్టుబాటు పల్లెకు మాత్రమే వచ్చినచో, అది కఱవుకు మందు కాక కఱవు పేర జరిగిన బదిలీ యగును.

కాని ఈ ప్రశ్నను త్రాగునీటికి అడ్డముగా పెట్టరాదు. పరిశ్రమ నీరు మానలేదు గనుక నేనును మాననని రైతు పట్టుబట్టినచో, ఎండునది పరిశ్రమ కాదు; ఊరి నుయ్యి. అడుగవలసిన తీరు వేఱు. 2012 నాటి జాతీయ జలవిధానము త్రాగునీటిని, పారిశుద్ధ్యమును, ఆహారభద్రతను, జీవనాధారమైన వ్యవసాయమును ముందుంచి, మిగిలిన వాడుకలను తరువాత నుంచినది. వాల్టా చట్టమందలి నిషేధము ప్రైవేటు సంస్థలకును వర్తించునని పైన చెప్పితిమి. ఈ రెంటిని చేతబట్టుకొని మనము కోరవలసినది ఒక పట్టిక. మండలములో ఎవరు ఎంత నీరు తోడుచున్నారు, గొట్టముద్వారా ఎవరికెంత వచ్చుచున్నది, కఱవు ప్రకటింపబడిన నెలలో ఎవరెంత తగ్గించుకొనిరి అను పట్టిక పంచాయతీ గోడపై ఎల్లరకు కనబడవలెను. అట్టి పట్టికను అడుగు నోరు మనకు రావలెనన్న, ముందుగా మన పట్టికను మనము గోడపై పెట్టియుండవలెను.

సంఘము చేయగల పనులేవి? అధికారమున్నవాడే కట్టుబాటు చేయగలడని అనుకొనువారు సంఘపు బలమును ఎఱుగరు. పైరు పెట్టక ముందు రైతు వచ్చి నిలుచు గడప సంఘపు గడపయే. ఋణపత్రముపై వ్రేలిముద్రయో సంతకమో పడు దినమే నీటి నిర్ణయము జరుగదగిన దినము. వేసవి వరికి అప్పిచ్చి, నీటి మాట తలపెట్టక, చైత్రములో పైరు ఎండిన పిమ్మట వాయిదా తప్పినాడని రైతును పట్టుకొనుట సంఘమునకు తగదు. సంఘపు సొమ్మునకును క్షేమము కాదు.

కావున సభ్యుల ముందు ఈ సూచనలుంచుచున్నాము. ఒకటి, ప్రతి గ్రామమున అయిదారు నూతులను, బోరులను ఏర్పఱచుకొని, నెలకొకసారి ఒకే తేదీన నీటిమట్టము కొలిచి సంఘపు పలకపై వ్రాయవలెను. దీనికి పొడుగైన టేపును, ఓపిక గల యిద్దఱు యువకులును చాలుదురు. రెండు, కార్తీకమాసములో, ఋణములు మంజూరు చేయుటకు ముందు, సర్వసభ్య సమావేశము జరిపి ఆ యేటి నీటి జమాఖర్చు తేల్చవలెను. లోటున్నయెడల వేసవి వరికి ఎన్ని యెకరములవఱకు అప్పు ఈయదగునో అచ్చటనే తీర్మానింపవలెను. చోడి, పెసర, మినుము, నువ్వులకు ముందుగా ఈయవలెను. మూడు, త్రాగునీటి నూతి చెంతనున్న రైతులు వదలుకొను రాబడిని పూరించుటకు ఊరంతయు చేరి ఒక నిధి యేర్పఱచుకొనవలెను. దాని లెక్క ఆడవారుకూడ ఉన్న సభలో చదువవలెను. నాలుగు, ఈ తీర్మానపు ప్రతులను పంచాయతీకిని, తహసీల్దారునకును పంపి, మండలమందు నిషేధ మవసరమైనచో అది నాట్లకు ముందే ప్రకటింపవలెననియు, దాని ఆరంభదినమును, అంత్యదినమును స్పష్టముగా వ్రాయవలెననియు, పరిశ్రమలు, గృహనిర్మాణములు, నీరు అమ్మువారు మొదలగు వారికిని అదే కొలత పెట్టవలెననియు కోరవలెను.

ఇందులో కష్టములు లేవని మేమనము. మొదటి యేడు కొలతలను కొందఱు నమ్మరు. కొందఱు చందా ఈయరు. నిధినుండి సొమ్ము పుచ్చుకొని వరి వేయువాడును ఒక్కడుండవచ్చును. కాని ఈ సీమ రైతులకు కష్టమునకు జంకి సంఘము విడుచు అలవాటు లేదు. 1933 నాటికే మన పొరుగున ఏటికొప్పాక రైతులు చేరి సహకార పద్ధతిని చక్కెర కర్మాగారమునకు పూనుకొనిరి. చెఱకును కలసి ఆడించుకొనగలిగిన రైతులు నీటిని కలసి కొలుచుకొనలేరా?

వాన మన చేతిలో లేదు. వాన లేని యేట ఊరు త్రాగుట మాత్రము మన చేతిలో నున్నది. రాబోవు కార్తీకములో ఋణపత్రముపై సంతకము పెట్టుటకు వచ్చు ప్రతి సభ్యుడును, కలము పట్టకముందు, పలకపైనున్న నీటి అంకెను ఒకసారి చూచుకొను నట్లు సంఘము ఏర్పాటు చేయునేని, చైత్రములో వచ్చు ఉత్తరువునకు మన ఊరిలో చేయవలసిన పని మిగిలియుండదు.